మండువా ఇంటి నుంచి వెనక డాబాకి నెట్ సరిగా అందట్లేదు: ప్లాన్ పెంచాలా, మెష్ పెట్టాలా?

మండువా లోగిలి (అంబాజీపేట వైపు):

మాది పాత మండువా ఇల్లు, వెనకాల కొత్తగా వేసిన రెండంతస్తుల డాబా. రెంటికీ మధ్య పాతిక అడుగుల ఖాళీ, అందులో కొబ్బరిచెట్లు. ఫైబర్ వీధి వైపు పాత ఇంట్లోకి వచ్చింది, పెట్టె వీధి గదిలో బీరువా మీద ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్. పెట్టె ఎదుట నిలబడితే ఫోన్లో 90 పైనే చూపిస్తుంది. డాబా పై గదిలో అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది. అక్కడ మీటింగులో మాట తెగిపోతోంది, రాత్రి ఏడు దాటితే మరీను. ఆపరేటర్ 300 ప్లాన్‌కి మారమంటున్నాడు, షాపువాళ్లు మెష్ సెట్ (ఇల్లంతా వైఫై పంచే డబ్బాల జత) కొనమంటున్నారు. రెండూ కాక మూడో దారి ఉందా?

ఇంకో రెండు సందేహాలు. ఉరుముల కాలంలో పెట్టె మాడిపోకుండా ఏం చెయ్యాలి? పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది, ఐ5 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. అందులో బ్యాంకు సైట్లు, మరికొన్ని అసలు తెరుచుకోవు. అదే నెట్‌తో ఫోన్లో తెరుచుకుంటున్నాయి. ఇది నెట్ తప్పా, కంప్యూటర్ తప్పా?

స్తంభం నిచ్చెన (రావులపాలెం):

ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి మాస్టారూ. వీడియో మీటింగుకి మనిషికి 3, 4 ఎంబీపీఎస్ మించి పట్టదు. 100లో తెగేది 300లోనూ తెగుతుంది, బిల్లు మాత్రం 18 శాతం జీఎస్టీతో కలిపి పెరుగుతుంది. ముందు తేడా ఇంట్లో ఉందా, స్తంభానికి అవతల ఉందా అన్నది తేల్చుకోండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

పై గదిలో ల్యాప్‌టాప్ పెట్టి కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరవండి. ఒకదాంట్లో మీ పెట్టె అడ్రసుకే పింగ్ (జవాబు ఎన్ని మిల్లీసెకన్లకి వస్తుందో చూసే కమాండ్) పెట్టండి. అడ్రసు పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1. రెండో దాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి. అడ్రసు చివర ఖాళీ వదిలి హైఫన్, టి కొడితే ఆపేదాకా ఆగకుండా నడుస్తుంది. మీటింగ్ జరుగుతుండగా ఓ పది నిమిషాలు వదిలెయ్యండి. మొదటిదే 3 మిల్లీసెకన్ల నుంచి 300కి గెంతుతుంటే గొడవ వైఫైలో ఉంది, ఆపరేటర్‌ని అని లాభం లేదు. మొదటిది నిలకడగా ఉండి రెండోది గెంతితే అప్పుడు అవతల చూడాలి. తర్వాత ల్యాప్‌టాప్‌ని పెట్టె దగ్గరికి తెచ్చి, వైఫై ఆపి, లాన్ వైరు గుచ్చి మళ్లీ అదే చెయ్యండి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. ట్రేసర్ట్ కమాండ్ కూడా కొట్టి చూడండి. మొదటి మెట్టు మీ పెట్టె, రెండోది సాధారణంగా ఆపరేటర్‌ది. రాత్రి పూట ఆ రెండో మెట్టు దగ్గరే 60, 80 అవుతుంటే వాళ్ల లైను కిక్కిరిసిందన్నమాట.

అలాగే బ్రౌజర్లో పెట్టె అడ్రసు కొట్టి లోపలికెళ్లి, స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్ ఎంతుందో రాయండి. ఆర్ఎక్స్ అని ఉంటుంది, మైనస్ గుర్తుతో.

భీమవరం బఫరింగ్:

స్పీడ్ టెస్ట్ అంకెని పట్టుకుని కూర్చోకండి. ఆ యాప్ దానంతటది దగ్గరి సర్వర్‌ని ఎంచుకుంటుంది. అది చాలాసార్లు మీ ఆపరేటర్ గదిలోదే అయ్యుంటుంది. ఊళ్లో రోడ్డు బాగుందని చెప్తుంది తప్ప హైదరాబాద్ దాకా ఎలా ఉందో చెప్పదు. సర్వర్ మార్చి హైదరాబాద్‌ది ఒకటి, చెన్నైది ఒకటి పెట్టి చూడండి. మీటింగుకి డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్, దానికన్నా పింగ్‌లో ఊగిసలాట ముఖ్యం.

ఇంట్లో కెమెరాలు ఉన్నాయా? ఒక్కో కెమెరా క్లౌడ్‌కి 2 ఎంబీపీఎస్ చొప్పున పంపుతుంటే, నాలుగు కెమెరాలు కలిసి చిన్న అప్‌లోడ్ ఉన్న ప్లాన్‌ని మింగేస్తాయి. అది కూడా చెప్పండి.

మండువా లోగిలి:

అన్నీ చూశానండి. డాబా పై గదిలో వైఫై మీద సొంత పెట్టెకే పింగ్ 4 నుంచి 400 దాకా పోతోంది, మధ్యలో టైమ్‌డ్ అవుట్ కూడా. పెట్టె దగ్గర లాన్ వైరుతో 1 లోపే. రెండో మెట్టు రాత్రి తొమ్మిదింటికి 6 నుంచి 8. ఆర్ఎక్స్ పవర్ మైనస్ 26.8 అని ఉంది. వాన పడ్డప్పుడు ఎర్ర లైటు వెలిగి నెట్ పోవడం కూడా ఉంది, అది ఇందాక రాయలేదు. కెమెరాలు రెండు, పాత ఇంటి వీధి గుమ్మం దగ్గర. క్లౌడ్ లేదు, డీవీఆర్‌లోకే రికార్డు.

స్తంభం నిచ్చెన (రావులపాలెం):

అయితే మీకు రెండు వేరువేరు జబ్బులు. మీటింగ్ తెగేది వైఫై వల్ల. వానకి పోయేది ఫైబర్ వల్ల. వైఫై సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను ఫైబర్ చెప్తా.

మైనస్ 26.8 డీబీఎం (వెలుగు బలం కొలత) అంటే గట్టు అంచున నిలబడ్డట్టే. జీపాన్‌లో (ఇళ్లకి ఫైబర్ పంచే పద్ధతి) బి ప్లస్ తరగతి పెట్టె మైనస్ 27 దాకా చూడగలగాలని ప్రమాణం. మీది దానికి చిటికెడు దూరంలో ఉంది. వానకి కాస్త తడిసినా, గాలికి కేబుల్ ఊగినా అంచు దాటి, వెలుగు అందట్లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. మైనస్ 15కీ 24కీ మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 8 కన్నా ఎక్కువ వెలుగు వచ్చినా పెట్టెకి మంచిది కాదు గానీ, మన ఊళ్లలో ఆ బాధ అరుదు.

లెక్క చూడండి. ఆపరేటర్ గదిలోంచి సుమారు ప్లస్ 3 బయలుదేరుతుంది అనుకుందాం. దారిలో ఒకటిని నాలుగు చేసే స్ప్లిటర్ 7, నాలుగులో ఒకదాన్ని ఎనిమిది చేసేది పదిన్నర తింటాయి. కేబుల్ కిలోమీటరుకి పావు నుంచి మూడో వంతు చొప్పున ఎనిమిది కిలోమీటర్లకి 2, రెండున్నర. జాయింట్లు, కనెక్టర్లు కలిపి ఇంకో 2. మీ ఇంటికి మైనస్ 19, 20 రావాలి. అంటే 7, 8 డీబీ ఎక్కడో దండగ అవుతోంది. 3 డీబీ పోయిందంటే వెలుగు సగమైందని అర్థం. ఇక్కడ నాలుగో వంతు కన్నా తక్కువకి పడిపోయింది.

ఎక్కడ పోతుందో నాలుగైదు చోట్ల చూస్తే చాలు. మొదటిది పెట్టె వెనక గుచ్చే కనెక్టర్. ఆకుపచ్చది అంటే మొన ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కినది, నీలంది చదునుగా ఉండేది. ఆకుపచ్చ మొనని నీలం సాకెట్లో గుచ్చితే మధ్యలో సందు మిగిలి కొన్ని డీబీలు అక్కడే పోతాయి. గుచ్చుకుంటుంది, లైటు వెలుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండోది, అక్కడికక్కడే చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్. లోపల ఉండే జెల్ ఎండిపోయినా, ఫైబర్ సరిగా కొయ్యకపోయినా నెలలు గడిచే కొద్దీ నష్టం పెరుగుతుంది. ఫ్యూజన్ స్ప్లైసింగ్ (కరిగించి అతకడం) చేసిన పిగ్‌టెయిల్ (కనెక్టర్ ముందే వేసి వచ్చే ఫైబర్ ముక్క) వెయ్యమనండి. ఆ జాయింట్ పదో వంతు డీబీ కూడా తినదు. మూడోది గోడకి కొట్టిన క్లిప్పులు, గుమ్మం మూల దగ్గర మడత. పాత రకం ఫైబర్‌ని 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచకూడదు. ఇంటి లోపలికి వాడే ఏ2 రకం ముప్పావు సెంటీమీటరు దాకా తట్టుకుంటుంది. బీరువా వెనక నలిగి ఉందేమో చూడండి.

నాలుగోది మన కోనసీమకి ప్రత్యేకం. స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ కేబుల్‌ని కొబ్బరిచెట్టుకి కట్టేస్తారు. చెట్టు ఊగుతుంది, కేబుల్ ఊగదు. కట్టు దగ్గర రాపిడికి పైతొడుగు తెగి వాన నీళ్లు దిగుతాయి. పైనుంచి మట్ట పడితే తీగ తెగకపోయినా లోపల నలుగుతుంది. ఉడత కొరుకుడు సరేసరి. స్తంభం నుంచి నేరుగా చూరుకి, చెట్లని తప్పించి, మధ్యలో ఆనకుండా లాగించుకోండి. ఐదోది, పక్కింటికి కనెక్షన్ ఇవ్వడానికి మీ లైన్లోనే ఒకటిని రెండు చేసే స్ప్లిటర్ పెట్టారేమో అడగండి. ఒక్కసారికి మూడున్నర డీబీ అక్కడే పోతుంది.

ఆ కనెక్టర్ మొనని మాత్రం వేలితో తుడవకండి. ఆల్కహాల్ తడిపిన దూది రాని గుడ్డతో తుడవాలి. వెలుగు కంటికి కనపడదు కదా అని మొనలోకి చూడకండి, అది లేజరు.

పాత గోడల గొడవ (పాలకొల్లు):

ఇక వైఫై. మండువా ఇంటి గోడలు అడుగున్నర మందం, సున్నం గానుగ పట్టి కట్టినవి. 5 గిగాహెర్ట్జ్ అలాంటివి రెండు గోడలు దాటదు. 2.4 దాటుతుంది గానీ అవతలి వైపుకి నీరసంగా చేరుతుంది. పైగా పెట్టె ఇనప బీరువా మీద ఉంది. ముందు దాన్ని దింపి, గోడకి ఐదారు అడుగుల ఎత్తున మేకు కొట్టి తగిలించండి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి పై గదిలో సిగ్నల్ చూడండి. మైనస్ 67కి అటూ ఇటూ ఉంటే మీటింగుకి సరిపోతుంది. మైనస్ 75 దాటితే మీరు చెప్పిన లక్షణాలే. మీకు 80 పైనే చూపిస్తుందని నా లెక్క.

డాబా దాకా వైరు లాగడమే మందు. అక్కడ ఇంకో మామూలు డ్యూయల్ బ్యాండ్ రౌటర్ని యాక్సెస్ పాయింట్‌గా (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేదిగా) పెట్టండి. ఖరీదైనది అక్కర్లేదు, గిగాబిట్ పోర్టులు ఉంటే చాలు.

సెట్టింగులు ఇలా. కొత్త రౌటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి, మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే చేత్తో చెయ్యాలి: దాని అడ్రసు 192.168.1.2 చెయ్యండి, దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే పని) ఆపెయ్యండి, పాత పెట్టె నుంచి వచ్చే వైరుని వ్యాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చండి. ఈ మూడింట్లో ఏది మర్చిపోయినా సగం ఫోన్లకి నెట్ వస్తుంది, సగం వాటికి రాదు, ఏది ఎందుకో అంతు పట్టదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే పెట్టండి. ఛానెల్ మాత్రం వేరు. 2.4లో పాత ఇంటికి 1, డాబాకి 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఆటోలో వదిలేస్తే పక్కింటివాళ్ల ఛానెల్ మీదికే వెళ్లి కూర్చుంటుంది. 5లో ఒకదానికి 36, ఇంకోదానికి 149. అమ్మాయి ల్యాప్‌టాప్‌కి మాత్రం వైఫై ఎందుకండీ, ఆ రౌటర్ నుంచి లాన్ వైరే గుచ్చెయ్యండి.

భీమవరం బఫరింగ్:

మెష్‌ని అంత తీసిపారెయ్యక్కర్లేదు. కొత్త సెట్లు బాగానే పనిచేస్తున్నాయి, గోడ తవ్వే పని ఉండదు, యాప్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది.

పాత గోడల గొడవ (పాలకొల్లు):

హైదరాబాద్ అపార్టుమెంటులో నాలుగంగుళాల గోడలకైతే ఒప్పుకుంటా. మెష్ డబ్బాలు రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకునేది కూడా గాల్లోనే. ఇవతలి డబ్బా సిగ్నల్ అడుగున్నర గోడల్ని దాటలేకపోతే అవతలి డబ్బా దేన్ని పంచుతుంది? ఫోన్లో వైఫై నిండా గీతలు చూపిస్తుంది, నెట్ మాత్రం అలాగే ఉంటుంది. వెనక నుంచి వైరు ఇస్తే మెష్ శుభ్రంగా పనిచేస్తుంది, కాదనను. వైరు లాగాక ఇక ఆ ఖరీదెందుకన్నదే నా ప్రశ్న.

మండువా లోగిలి:

వైరు లాగుతానండి. క్యాట్ 6 లాన్ వైరు అయితే షాపులో రెండు రకాలు ఉన్నాయి, ధర సగానికి సగం తేడా. ఆరుబయట పైపులో వేస్తే చాలా? ఆ ఖాళీలో పోయినేడు ఒక కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది, అదొక భయం.

ఉరుములు మెరుపులు (అమలాపురం):

చెట్టు మీద పిడుగు పడ్డ జాగాలో రెండు ఇళ్ల మధ్య రాగి వైరు వెయ్యకండి. దగ్గర్లో పిడుగు పడితే ఆ క్షణంలో పాత ఇంటి ఎర్త్‌కీ డాబా ఎర్త్‌కీ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా మీ లాన్ వైరు గుండానే సర్దుకుంటుంది, రెండు వైపులా పోర్టులు మాడతాయి. పిడుగు సరిగ్గా ఇంటి మీదే పడక్కర్లేదు. పీవీసీ పైపు నీళ్లని ఆపుతుంది గానీ దీన్ని ఆపదు.

రెండు ఇళ్ల మధ్య ఫైబర్ వెయ్యండి. గాజు తీగలో కరెంటు పారదు. రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ వైరుకి కలిపే డబ్బాలు) పెట్టాలి, గిగాబిట్‌వి, ఒకే ఫైబర్ మీద పనిచేసే రకం. ఇవి జతగా కొనాలి. ఒకటి ఏ, ఒకటి బి. ఏ 1310 నానోమీటర్ల వెలుగు మీద పంపి 1550 మీద వింటుంది, బి దానికి తలకిందులు. రెండూ ఏ లే తెచ్చుకుంటే ఎంత గుచ్చినా లింక్ లైటు వెలగదు. షాపులో హడావుడిగా ఇచ్చేస్తుంటారు, స్టిక్కర్ చూసుకుని తెచ్చుకోండి. రెండు చివరలా కనెక్టర్ వేసి అమ్మే 30 మీటర్ల రెడీమేడ్ డ్రాప్ కేబుల్ దొరుకుతుంది, కన్వర్టర్ సాకెట్ ఎక్కువగా నీలంది ఉంటుంది కాబట్టి నీలం మొనలదే అడగండి. లోపల ఉక్కు తీగ కాకుండా ఎఫ్ఆర్‌పీ (గాజునార ప్లాస్టిక్) పుల్ల ఉన్నది తీసుకోండి. ఉక్కు ఉంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు.

అదే మాట వీధి స్తంభం నుంచి వచ్చే డ్రాప్ కేబుల్‌కీ వర్తిస్తుంది. దానికి పక్కన అతుక్కుని ఒక ఉక్కు తీగ వస్తుంది, బరువు మొయ్యడానికి. దాన్ని చూరు దగ్గర కొక్కేనికి బిగించి అక్కడితో కోసెయ్యాలి. ఫైబర్ ఉన్న పలచటి భాగం ఒక్కటే గుమ్మం దాటి లోపలికి రావాలి. చాలా ఇళ్లలో ఉక్కు తీగ కూడా పెట్టె దాకా వచ్చి కూర్చుంటుంది.

మిగతాది కరెంటు వైపు నుంచి వస్తుంది. పాత ఇంటి వైరింగులో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది గానీ మూడో కన్నానికి వైరు ఉండదు. మల్టీమీటరుతో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలవండి, 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లే, ఎర్త్ సులువుగా దొరుకుతుంది. కానీ ఉప్పు నేలల్లో జీఐ పైపు తొందరగా తినేస్తుంది. రాగి పూత ఉన్న 3 మీటర్ల రాడ్ కొట్టించండి. ఆ తర్వాతే మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఎర్త్ లేకుండా పెట్టిన సర్జ్ ప్రొటెక్టర్ దేనికీ పనికిరాదు, దాని పచ్చ లైటు చూసి మోసపోవద్దు. ఏప్రిల్, మే గాలివానల్లో ఉరుము వినగానే ప్లగ్గు పీకెయ్యడం అన్నిటికన్నా నమ్మకం. స్విచ్ ఆపితే చాలదు, పీకాలి. వీధి గుమ్మం కెమెరాల వైర్లు కూడా డీవీఆర్ నుంచి తీసెయ్యండి. ఉరుము అటునుంచీ వస్తుంది.

కరెంటు కోతకి 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. పెట్టె, కన్వర్టర్, రౌటర్ తలా 5 నుంచి 10 వాట్లు తింటాయి. 28 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్నది పాత ఇంట్లో పెట్టె, కన్వర్టర్ కలిపి 15 వాట్లకి గంటన్నర లాగుతుంది. కొనేముందు అడాప్టర్ల మీద వోల్టులు చదవండి. కొన్ని కన్వర్టర్లు 5 వోల్టులవి, వాటిలో 12 గుచ్చితే అంతే సంగతులు. పిన్ను లావు 2.1, 2.5 అని రెండు రకాలు, పైకి ఒకేలా ఉంటాయి, వదులుగా ఉన్నది ఊగినప్పుడల్లా పెట్టె రీస్టార్ట్ అవుతుంది.

ఇంట్లో కరెంటు ఉన్నా నెట్ రాదంటే ఆపరేటర్ గదిలో బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు గానీ ఆ గదిలో ఓఎల్‌టీకి (ఇళ్లకి వెలుగు పంపే యంత్రం) కావాలి. కొన్ని ఊళ్లలో ఫైబర్ స్తంభం మీది పెట్టె దాకానే వచ్చి, అక్కడ స్విచ్ నుంచి ఇంటికి లాన్ వైరు వేస్తారు. అది కరెంటు పోయిన నిమిషానికే పోతుంది, ఉరుముకి మొదట మాడేదీ అదే. తుపాను తర్వాత సంగతి ఇంకోటి: స్తంభాలు పడితే కరెంటువాళ్లు స్తంభం నిలబెట్టాకే కేబుల్‌వాళ్లు ఎక్కుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర మొంథా తీరం దాటిన తర్వాతైనా, మరెప్పుడైనా వరుస అదే. పని పోకూడదంటే వేరే కంపెనీ సిమ్ ఒకటి హాట్‌స్పాట్‌కి రీచార్జి చేసి ఉంచుకోవాలి.

పాత గోడల గొడవ (పాలకొల్లు):

ఒక్క సవరణ. రెండు ఇళ్ల మధ్య ఫైబర్ సరే. డాబా లోపల కింది నుంచి పై గదికి మాత్రం క్యాట్ 6 రాగే వెయ్యండి, ఒకే ఎర్త్ కాబట్టి భయం లేదు. మీరడిగిన రెండు రకాల్లో చౌకది రాగి పూసిన అల్యూమినియం. ఒక పోగుని బ్లేడుతో గీరండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. కట్ట చేత్తో ఎత్తితే కూడా తేలిగ్గా ఉంటుంది. అది వంగిన చోట విరుగుతుంది, ఉప్పుగాలికి కనెక్టర్ దగ్గర తుప్పు పడుతుంది. కరెంటు వైర్ల పైపులోనే దూర్చకండి, వేరే పైపు వెయ్యండి. క్రింపింగ్ రెండు వైపులా ఒకే వరుసలో: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. అయ్యాక ల్యాప్‌టాప్ గుచ్చి విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాలి. 100 అని ఉంటే ఎనిమిది పోగుల్లో ఏదో ఒకటి అందలేదు, కనెక్టర్ కోసి మళ్లీ కొట్టించండి.

ర్యామ్ రబ్బరు (తణుకు):

మీ డెస్క్‌టాప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కుడివైపు కింద గడియారం చూడండి. తేదీ 2013లోనో 2014లోనో ఉంటే రోగం అదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోతే ప్లగ్గు పీకినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. బ్యాంకు సైటు సర్టిఫికెట్ ఈ సంవత్సరానిది, కంప్యూటర్ ఏమో పాత సంవత్సరంలో ఉంది. ఇంకా పుట్టని సర్టిఫికెట్ అని బ్రౌజర్ ఆపేస్తుంది. కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లో తేదీ సరిచేస్తే చాలు. జనం దీనికి నెట్‌వాడిని తిడుతుంటారు.

తేదీ సరిగ్గానే ఉంటే బ్రౌజర్ పాతబడింది, అప్‌డేట్ చెయ్యండి.

వేగం కావాలంటే హార్డ్ డిస్క్ తీసి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వెయ్యండి, 480 లేదా 500 జీబీ. ర్యామ్ ఇంకో 4 జీబీ కలపండి, డీడీఆర్3 డెస్క్‌టాప్‌ది. డీడీఆర్4 గాడిలో పట్టదు, బలవంతంగా నొక్కకండి. పాత ర్యామ్ తీసినప్పుడు బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. గోదావరి తేమకి పడే మసక అలా పోతుంది. ఆన్ చెయ్యగానే బీప్ మని స్క్రీను రాకపోవడం మన వైపు సగం సార్లు దాని వల్లే. పాతదాన్ని క్లోన్ చెయ్యడం కన్నా విండోస్ కొత్తగా ఎక్కించడం మేలు. పాత డిస్కుని పక్కన రెండో డిస్కుగా ఉంచి ఫైళ్లు తెచ్చుకోండి.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా, అదీ నమోదు చేసుకుంటేనే. నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. అడ్డదారిలో ఎక్కించొచ్చు గానీ అప్‌డేట్లకి హామీ లేదు, బ్యాంకు పనులకి అలాంటిది వద్దు. బ్రౌజరు, వీడియోలు, ఉత్తరాలు టైపు చెయ్యడం వరకే అయితే లినక్స్ మింట్ ఎక్కించండి, ఎస్ఎస్‌డీ మీద హాయిగా నడుస్తుంది, యూనికోడ్ తెలుగు టైపింగూ ఉంటుంది. అను ఫాంట్లలో టైపు చేసే పని, ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఈ మూడింట్లో ఏదైనా ఉంటే మాత్రం విండోస్ నుంచి కదలకండి.

ఆ డెస్క్‌టాప్‌కి వైఫై ఎలా ఇస్తున్నారు? వేలిగోరంత యూఎస్‌బీ డాంగిల్ అయితే, అట్ట మీద 150 అని ఉన్నా చేతికొచ్చేది 30, 40. పాత ఇంట్లోనే ఉంటే పెట్టె నుంచి లాన్ వైరు వెయ్యండి.

మండువా లోగిలి:

తేదీ 2014 జనవరి 1 ఉందండి! బ్యాటరీ తెప్పిస్తున్నా.

చివరగా ఒక్కటి. ఆపరేటర్ కుర్రాడు వచ్చి ఇంకో మాట అన్నాడు: అసలు పెట్టెనే డాబాలోకి మార్చేస్తా, ఒకటే ఖర్చు అని. అది చౌక కదా?

స్తంభం నిచ్చెన (రావులపాలెం):

చౌకే. పాత ఇంట్లో ఎవరికీ నెట్ అక్కర్లేకపోతే అదే చెయ్యండి. టీవీ, డీవీఆర్ పాత ఇంట్లో ఉన్నాయి కాబట్టి అప్పుడు ఇదే గొడవ అటునుంచి ఇటు వస్తుంది, కన్వర్టర్లు ఎలాగూ తప్పవు. పైగా స్తంభం నుంచి డ్రాప్ కేబుల్ ఆ కొబ్బరిచెట్ల మీదుగా పోవాలి. పెట్టె వీధి గదిలోనే ఉండనివ్వండి.

ఆ కుర్రాడు ఎలాగూ వస్తున్నాడు కాబట్టి ముందు పవర్ మీటరు తెమ్మనండి. స్తంభం మీది స్ప్లిటర్ దగ్గర ఒకసారి, మీ పెట్టె దగ్గర ఒకసారి, మీ కళ్లెదుటే కొలిపించండి. స్తంభం దగ్గర మైనస్ 19 ఉండి ఇంట్లో 26.8 ఉంటే డ్రాప్ కేబులూ, కనెక్టరే దోషి, మొత్తం కొత్తది వెయ్యమనండి, ముక్కకి ముక్క అతకనివ్వద్దు. స్తంభం దగ్గరే 25 ఉంటే మీ ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. కంప్లైంటు రాయించి, టికెట్ నంబరు, ఆ రీడింగు ఫోటో రెండూ దగ్గర పెట్టుకోండి.